సెంటీమీటరు తర్వాత చుక్క పెట్టాలా?

మా తాతగారు మా ఊరి ఆంజనేయస్వామి మీద ఒక శతకం రాశారు. స్కేలు పెట్టి కొలిస్తే పుస్తకం ఎత్తు 17.2 సెంటీమీటర్లు. లైబ్రరీ లెక్కలో అది 18. కొసరు ఏమాత్రం ఉన్నా పై అంకె వెయ్యాలని కాటలాగింగ్ (అంటే లైబ్రరీ పుస్తకాల వివరాలు రాసిపెట్టే పని) నిబంధన. బతికినన్నాళ్లూ మా తాతగారికి ఎవరూ అంత కొసరు వేసి ఎరగరు, కూరగాయల బజారులో కూడా. అందుకే నాకు కాటలాగర్లంటే మొదటినుంచీ గౌరవం.

ఇంట్లో మిగిలింది ఒకే ఒక్క కాపీ. అందులో చివరి పదహారు పద్యాలు చెదలు ఆరగించాయి. ఆ పదహారు పద్యాల కోసం నేను లైబ్రరీల చుట్టూ తిరిగాను. పద్యాలు దొరకలేదు గానీ జ్ఞానం దొరికింది. అది నలుగురికీ పంచడం నా బాధ్యత.

ముందు ఒక అపోహ తొలగించాలి. కాటలాగ్ ఉన్నది పుస్తకం వెతుక్కోవడానికని చాలామంది అనుకుంటారు. ఈ అపోహను ప్రచారం చేసినవాళ్లలో చార్లెస్ కట్టర్ అనే అమెరికా లైబ్రేరియన్ ఒకడు. రచయిత పేరో, పుస్తకం పేరో, విషయమో తెలిసినవాడు తనకు కావలసిన పుస్తకం కనుక్కోగలగాలి, కాటలాగ్ ఉన్నది అందుకే అని 1876లో రాశాడు పాపం. అమాయకపు రోజులు. అంతకు ముందే, 1841లో, బ్రిటిష్ మ్యూజియంలో ఆంటోనియో పనిజ్జీ 91 నియమాలు రాసి దారి చూపించాడు. ఆ నియమాలతో మొదలైన అచ్చు కాటలాగ్ ఆ ఏడాది ఒక సంపుటం వెలువడింది, ఇంగ్లీషు అక్షరమాలలో మొదటి అక్షరం వరకు. అక్కడితో ఆగింది. నియమాలు 91, అక్షరం 1. ఈ నిష్పత్తిని వృత్తిలోని పెద్దలు ఇప్పటికీ జాగ్రత్తగా కాపాడుకొస్తున్నారు.

అసలు విషయం చెప్తాను. కాటలాగ్ ఉన్నది పుస్తకాన్ని వర్ణించడానికి. మన ప్రబంధ కవులు నాయికను వర్ణించినట్టు నఖశిఖపర్యంతం. ఎన్ని పేజీలు, బొమ్మలున్నాయా, ఎత్తెంత. ఇక్కడే ఈ వ్యాసం శీర్షికలోని మహాసమస్య వస్తుంది. సెంటీమీటరుకు రాసే పొడి అక్షరాల తర్వాత ఫుల్‌స్టాప్ పెట్టాలా, వద్దా? అది సంక్షిప్తం కాదు, చిహ్నం. కాబట్టి పెట్టకూడదు. కానీ ఆ పుస్తకం ఏదైనా గ్రంథమాలలో భాగమైతే పెట్టాలి. ఎందుకంటే ఆ చుక్క సెంటీమీటరుది కాదు, రెండు భాగాల మధ్య గోడది. ఇది నేను కల్పించింది కాదు. చదువుకున్నవాళ్లు, పెళ్లాం పిల్లలున్నవాళ్లు, దీని మీద గంటలు గంటలు వాదించుకున్నారు. మా తాతగారి శతకం ఏ గ్రంథమాలలోనూ లేదు. అందుకని ఆయనకు చుక్క రాలేదు.

ఇంకో ఇబ్బంది ఉంది. సొంత ఖర్చుతో వేసుకున్న పుస్తకం కాబట్టి దాని మీద ఊరు లేదు, ప్రచురణకర్త లేడు, సంవత్సరం లేదు. 'వెల: భక్తి' అని మాత్రం ఉంది. 1978లో వచ్చిన ఆంగ్లో అమెరికన్ కాటలాగింగ్ నియమావళి రెండో కూర్పు ప్రకారం ఇలాంటి పుస్తకానికి బ్రాకెట్లో 'ఎస్.ఎల్. : ఎస్.ఎన్.' అని రాయాలి. లాటిన్‌లో దాని అర్థం ఊరు లేదు, పేరు లేదు అని. మా బాబాయి చాలాకాలం అదేదో బెజవాడ ప్రెస్సు పేరనుకున్నాడు. 2010లో ఆర్‌డీఏ అనే కొత్త ప్రమాణం వచ్చింది. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013 మార్చి 31న దానికి మారింది. ఆ సంస్కరణతో లాటిన్ పోయింది. ఇప్పుడు పూర్తి వాక్యంలో, అందరికీ అర్థమయ్యేలా, 'ప్రచురణ స్థలం గుర్తించబడలేదు, ప్రచురణకర్త గుర్తించబడలేదు' అని రాస్తారు. ఇంతకు ముందు తెలియనిది లాటిన్‌లో తెలియలేదు, ఇప్పుడు మామూలు భాషలో తెలియడం లేదు. ప్రచురణకర్త ఎవరో మా నాయనమ్మకు తెలుసు. ఆవిడ గాజులు.

సంవత్సరం కూడా అంతే. పాత పద్ధతిలో '197-?' అని రాసేవారు. కొత్త పద్ధతిలో '1970కి 1979కి మధ్య?' అని విడమర్చి రాయాలి. నాయనమ్మను అడిగితే 'దివిసీమ ఉప్పెనకు ముందు ఏడు' అంటుంది. ఉప్పెన 1977 నవంబరులో వచ్చింది, కాబట్టి 1976. కాకపోతే నాయనమ్మ ప్రామాణిక ఆధారాల జాబితాలో లేదు.

ఆర్‌డీఏ తెచ్చిన మరో వెలుగు గురించి చెప్పకపోతే పాపం చుట్టుకుంటుంది. మామూలు పుస్తకానికి కూడా అది పుస్తకమేనని మూడు చోట్ల సాక్ష్యం ఇవ్వాలి. విషయం: టెక్స్ట్. మాధ్యమం: అన్‌మీడియేటెడ్, అంటే మధ్యలో ఏ యంత్రమూ అక్కర్లేకుండా కంటితో చదువుకోవచ్చు. వాహకం: వాల్యూమ్. మా తాతగారి శతకానికి మధ్యవర్తి అక్కర్లేదని ఇలా అంతర్జాతీయంగా ధ్రువీకరణ అయింది. ఊళ్లో మాత్రం టీకా తాత్పర్యం చెప్పేవాడు పక్కన లేకుండా ఆ పద్యాలు ఒక్కడికీ అర్థం కాలేదు. యంత్రం పెట్టినా లాభం ఉండేది కాదనుకోండి.

ఇక రచయితల సంగతి. పాత నియమావళిలో 'ముగ్గురి నియమం' అని ఒకటుండేది. కలిసి రాసినవాళ్లు ముగ్గురి దాకా అయితే మొదటి పేరు కింద పుస్తకం పెడతారు. నలుగురైతే ఎవరి కిందా పెట్టరు. మొదటాయన పేరు మాత్రం రాసి, మిగతావాళ్లను 'తదితరులు' అని సాగనంపుతారు. మన కవిత్రయం ఎంత ముందుచూపు ఉన్నవాళ్లో చూడండి, సరిగ్గా ముగ్గురే రాసి ఆగారు. ఈ లెక్కన పెద్దపీట నన్నయది. రెండున్నర పర్వాలు రాసిన ఆయన ముందు, పదిహేను పర్వాలు రాసిన తిక్కన వెనక. ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. భాస్కర రామాయణం మాత్రం నలుగురు రాశారు. హుళక్కి భాస్కరుడి పేరు నిలిచింది. ఆయన కొడుకు మల్లికార్జున భట్టు, కుమార రుద్రదేవుడు, అయ్యలార్యుడు 'తదితరులు'. అయ్యలార్యుడికి న్యాయం జరగడానికి 2010 దాకా పట్టింది. ఇప్పుడు నలుగురి పేర్లూ రాయొచ్చు. ఓపిక లేకపోతే 'మరో ముగ్గురు' అని సంఖ్య వేసి ఊరుకోవచ్చు. ఎంతైనా 'తదితరులు' కన్నా 'మరో ముగ్గురు' గౌరవం కదా, తల లెక్కపెట్టారు.

అంతలో 1998లో అంతర్జాతీయ లైబ్రరీ సమాఖ్య వారికి వేదాంతం పట్టుకుంది. పుస్తకం అంటే ఒకటి కాదు, నాలుగు అన్నారు. కృతి, వ్యక్తీకరణ, ముద్రిత రూపం, చేతిలో ఉన్న ప్రతి. కృతిని ఎవరూ చూడలేదు, ముట్టుకోలేదు, నీరు దాన్ని తడపదు, నిప్పు కాల్చదు. చెదలు తినేది ప్రతిని మాత్రమే. ఇది విన్నాక మా ఇంటి చెదల మీద నాకు కోపం పోయింది. ఆ పదహారు పద్యాలు కృతిలో క్షేమంగానే ఉన్నాయి. చదవడానికి వీల్లేదు, అంతే.

ఈ సిద్ధాంతం ప్రకారం అనువాదమైతే పాత కృతికి కొత్త వ్యక్తీకరణ, స్వతంత్ర రచనైతే కొత్త కృతి. చాలా తేలిక. ఆంధ్ర మహాభారతం అనువాదమా, స్వతంత్రమా అన్నది తేల్చి, డ్రాప్‌డౌన్‌లో ఒకటి ఎంచుకుని, సేవ్ నొక్కాలి. మన విమర్శకులు తరాలుగా తేల్చనిది సాయంత్రం అయిదింటిలోగా కాటలాగర్ తేలుస్తాడు.

పుస్తకాన్ని ఎక్కడ నిలబెట్టాలన్నది వేరే శాస్త్రం. అమెరికా లైబ్రేరియన్ మెల్విల్ డ్యూయీ 1876లో సమస్త విజ్ఞానాన్నీ పది గదులు చేసి నంబర్లు వేశాడు. ఇంగ్లీషు కవిత్వానికి 821. తెలుగు కవిత్వానికి 894.8271. సాహిత్యంలో అమెరికా, ఇంగ్లండు, జర్మనీ, ఫ్రాన్సు తలా ఒక గది తీసుకోగా, 'ఇతర భాషలు' అని రాసిన వసారాలో చాప వేసిన చోటు మనది. మా తాతగారి పుస్తకం 32 పేజీలు. దాని వెన్ను మీద 821 అయితే పట్టేది. 894.8271 పట్టక అట్ట మీద అతికించారు, సరిగ్గా ఆంజనేయస్వామి ముఖం మీద.

పోనీ భక్తి పుస్తకం కదా, మతంలో పెడదామా అంటే అక్కడా అదే కథ. క్రైస్తవానికి 220 నుంచి 280ల దాకా వరసగా ఇళ్లు, మిగతా లోకం అంతా కలిసి 290లో. హిందూమతం 294.5. అయినా డ్యూయీని పూర్తిగా తిట్టలేను. ఆయన వంటను 641.5లో, అంటే టెక్నాలజీలో పెట్టాడు. గుత్తొంకాయ కూర ఇంజనీరింగ్ పక్కింటిదని మన ఇళ్లలో మగవాళ్లు ఇప్పటికీ ఒప్పుకోలేదు. వంట విషయంలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కూడా వెనకబడలేదు. ఎన్నో ఏళ్లు 'కుకరీ' అని ఉన్న విషయ శీర్షికను 2010లో 'కుకింగ్' అని మార్చింది. రుచిలో తేడా వచ్చినట్టు ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

మనవాడు ఒకడు దీనికి విరుగుడు కనిపెట్టాడు. ఎస్.ఆర్. రంగనాథన్, లెక్కల మాస్టారు, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ అయ్యారు. లండన్‌లో ఒక దుకాణంలో మెకానో ఆటవస్తువు చూశారట. ముక్కలు అవే, బిగించే తీరును బట్టి కొత్త బొమ్మ. పుస్తకం విషయాన్నీ అలాగే ముక్కలు చేసి బిగించవచ్చని తోచి, 1933లో కోలన్ వర్గీకరణ ప్రకటించారు. నిజంగా మేధావి పని, ఇక్కడ నాకు వేళాకోళం రావడం లేదు. వచ్చిన చిక్కల్లా నంబరుతోనే. 1950లో ఇండియాలో ఊపిరితిత్తుల క్షయకు ఎక్స్‌రే చికిత్స మీద పరిశోధన అన్న పుస్తకానికి దాని నంబరు ఎల్,45;421:6;253:ఎఫ్.44'ఎన్5. దాన్ని అటెండర్‌కు నోటితో చెప్పి పుస్తకం తెప్పించుకునేలోగా జబ్బు నయమైపోతుంది. మన పబ్లిక్ లైబ్రరీలు ఏటా ఆగస్టు 12న ఆయన ఫొటోకు దండ వేసి, లోపలికి వెళ్లి డ్యూయీ నంబర్లు వేసుకుంటాయి.

పేర్ల దగ్గరకొస్తే నాకు టెన్షన్ మొదలవుతుంది. తెలుగువాడి ఇంటిపేరు ముందుంటుంది. పడమటివాడిది చివర. చివరి మాటే ఇంటిపేరు అనుకుని నియమం దించేస్తే కందుకూరి వీరేశలింగం పంతులుగారు కాటలాగ్ కార్డుల బీరువాలో 'పంతులు' అన్న సొరుగులో తేలతారు, గురజాడ వారు 'రావు'లో. ఆ రావుల సొరుగు ఎంత బరువో నేను లాగి చూశాను, భుజం పట్టేసింది. ఒకే పేరున్న రావులను విడదీయడానికి పుట్టిన సంవత్సరం వేస్తారు. పుట్టిన సంవత్సరం, పక్కన చిన్న గీత, ఆ తర్వాత ఖాళీ. ఆ ఖాళీ దేనికో రచయితలకు చెప్పరు. బతికున్న కవి తన కార్డు తాను చూసుకోకూడదని మా తాతగారు ఎందుకనేవారో ఇప్పుడు తెలిసింది.

మా తాతగారు కూడా చివరికి దొరికారు, అమెరికాలో. 1962 నుంచి, పీఎల్ 480 అనే చట్టం కింద అమెరికా పంపిన గోధుమలకు మన ప్రభుత్వం కట్టిన రూపాయలతో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఇక్కడి భాషల పుస్తకాలు కొని అక్కడి విశ్వవిద్యాలయాలకు పంపేది. ఊళ్లో ఒక్కరూ కొనని శతకాన్ని ఆ గోధుమలు కొన్నాయి. రికార్డు చూస్తే కళ్లు చెమర్చాయి. రోమన్ లిపిలో, దీర్ఘాల మీద గీతలు, అక్షరాల కింద చుక్కలు, 32 పేజీలు, 18 సెంటీమీటర్లు. నేను 'శతకం' అని కొడుతుంటే అది 'శతకము' అని కూర్చుంది, అందుకే ఇన్నాళ్లు పట్టింది. ఆ రికార్డు ఉన్నది, కాటలాగ్ వివరాలు కంప్యూటర్ చదివేలా రాసే మార్క్ అనే ఫార్మాట్‌లో. 1960ల్లో హెన్రియెట్ ఏవ్రమ్ తయారుచేసింది. దాని స్థానంలో బిబ్‌ఫ్రేమ్ తెస్తామని 2011 నుంచీ చెబుతున్నారు. వీడ్కోలు సభకు శాలువా కొన్నారు, దండ కొన్నారు, మార్క్ మాత్రం రోజూ టంచనుగా డ్యూటీకి వస్తోంది.

అమెరికా వెళ్లే స్థోమత లేక, తాతగారు స్వయంగా మూడు కాపీలు ఇచ్చొచ్చానని చెప్పిన లైబ్రరీకి వెళ్లాను. ఏ ఊరిదో చెప్పను. కార్డుల బీరువా లేదు, ఆ స్థలంలో కంప్యూటర్ ఉంది, కరెంటు లేదు.

"కార్డులు ఏమయ్యాయండీ?" అన్నాను.

"కంప్యూటర్లోకి ఎక్కించేశాం సార్. మీకేం కావాలో చీటీ మీద రాసివ్వండి, లోపల చూసొస్తా" అని అటెండర్ ఒక అట్టముక్క ఇచ్చాడు. ఏడున్నర సెంటీమీటర్లు, పన్నెండున్నర సెంటీమీటర్లు, కింద మధ్యలో కడ్డీ దూర్చే చిల్లు. ఎవరో కవిగారి పేరు ముత్యాల్లాంటి చేతిరాతలో. పక్కన 1924, గీత, ఖాళీ.

నేను పెన్ను తీసి ఆ గీత వైపు చూస్తుంటే ఆయన అన్నాడు.

"అటువైపు కాదు సార్, వెనక్కి తిప్పి రాయండి."