ముర్రుపాల బ్యాచ్‌కు ప్రవేశాలు ప్రారంభం

కొండాపూర్ దాటాక ఉన్న ఒక గేటెడ్ కమ్యూనిటీ లిఫ్టులో, కుక్కలను షికారుకు తిప్పవలసిన వేళల నోటీసు పక్కనే, ఒక రంగుల కాగితం అంటించారు. ‘మీ పాలలో మేధస్సు ఎంత? నేడే పరీక్షించుకోండి. నమూనా ఇంటికే వచ్చి సేకరిస్తాం. ఆదివారం క్లబ్‌హౌస్‌లో అవగాహన సదస్సు. తాతయ్యలకు, బామ్మలకు ముందు వరస.’ అడుగున కళ్ళజోడు పెట్టుకున్న పసిపాప బొమ్మ.

తల్లిపాలకు మేధస్సు పరీక్ష పెట్టే ఈ పనిని హైదరాబాదు ఇంత ఆలస్యంగా మొదలుపెట్టడమే నాకు వింతగా ఉంది. ఐఐటీ ఫౌండేషన్ ఇంటర్ నుంచి ఎనిమిదో తరగతికి, అక్కడి నుంచి ఆరో తరగతికి దిగి చాలాకాలమైంది. ఇక ఎవరూ పట్టించుకోకుండా మిగిలిపోయింది పుట్టుకకూ నర్సరీకీ మధ్య ఉన్న కాలం. ఆ మూడేళ్ళూ మన పిల్లలు ఏ ప్రణాళికా లేకుండా పాలు తాగి, కాళ్ళు తన్ని, నిద్రపోయి గడిపేస్తున్నారు. వారాంతపు పరీక్షలు లేవు. ర్యాంకుల పట్టిక లేదు. ఇటువంటి వారి చేతుల్లో దేశ భవిష్యత్తును ఎలా పెడతాం? బాధ్యత గల పౌరుడిగా సదస్సుకు వెళ్ళాను.

వేదిక మీద ఒక నిపుణుడు. ఆయన వైద్యుడని కాగితంలో లేదు, కాదని కూడా లేదు. తెర మీద రంగుల చక్రం వెలిగించి, తల్లిపాలలో దాదాపు 87 శాతం నీరేనని ప్రకటించారు.

ముందు వరసలో విశ్రాంత ఇంజనీరుగారు లేచి నిలబడ్డారు. “ఎనభై ఏడా? మేము పాలవాణ్ణి మాన్పించింది ఇందుకే కదండీ!”

సభలో కలకలం. పాలిచ్చే కోడలి పరువు పోతుందేమోనని ఒక అత్తగారు కంగారు పడ్డారు. నిపుణుడు సర్దిచెప్పి, లాక్టోజ్ అనే పాలచక్కెర ఏడు శాతం, కొవ్వు నాలుగు శాతం దాకా, ప్రొటీను ఒక్క శాతం అని చదివారు. ఒక్క శాతం అనగానే ఇంజనీరుగారు మళ్ళీ లేచారు. గేదెపాలలో నాలుగు శాతం ఉంటుందని ఆయన విన్నారు. మనవడి విషయంలో గేదె కంటే వెనకబడటం ఆయనకు ఇష్టం లేదు. దూడ పుట్టిన రోజే లేచి తల్లి వెంట నడవాలండీ, మన పిల్లలు నెమ్మదిగా పెరిగినా ఫరవాలేదు, జీవితమంతా కంప్యూటరు ముందు కూర్చోవలసినవాళ్ళే కదా అన్నారు నిపుణుడు. అంకెలు పక్కన పెడితే, ఆ రోజు ఆయన నోటినుంచి వచ్చిన నిజం అదొక్కటే. ఇంజనీరుగారు తృప్తిపడి కూర్చున్నారు.

తర్వాత డీహెచ్‌ఏ వచ్చింది. మెదడు కణాల పొరల్లో ఉండే కొవ్వు ఇది, తల్లి తినే తిండిని బట్టి, ముఖ్యంగా చేపలను బట్టి, పాలలో హెచ్చుతగ్గులు అవుతుంది. అంతే, వియ్యపురాళ్ళిద్దరికీ యుద్ధం మొదలైంది.

“మా కాకినాడ వైపు బాలింతకు పాలసొర పిట్టు పెడతాం వదినగారూ. నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను.”

“మా గడపలోకి ఉల్లిపాయే ఈమధ్య వచ్చింది వదినగారూ. సొరచేప ఎక్కడినుంచి వస్తుంది?”

“మరి పిల్లవాడి లెక్కలు?”

“మా వంశంలో అందరూ తెలగపిండి కూర తిన్న తల్లుల పిల్లలే. ముగ్గురు ఆడిటర్లు.”

నిపుణుడు శాంతిదూతగా మధ్యలోకి వచ్చి, నాచు నుంచి తీసిన శాకాహార కాప్సూల్ బయట బల్ల మీద దొరుకుతుందని చెప్పారు. తల్లి కాప్సూల్ మింగితే బిడ్డకు తెలివి పెరుగుతుందనడానికి గట్టి రుజువు ఇంతవరకూ తేలలేదన్న సంగతి బల్ల మీద దొరకలేదు.

బిడ్డ తండ్రి అప్పటికే ల్యాప్‌టాప్ తెరిచారు. ఎక్సెల్ పట్టికలో వరసగా తేదీ, వేళ, ఎడమ, కుడి, నిమిషాలు, త్రేన్పు. చివరి గడి పేరు ‘అంచనా ఐక్యూ’. ఇంతలో బిడ్డ ఏడ్చింది. గోడ పక్కన ఒక అమ్మాయి కదిలితేగానీ తల్లి కూడా సభకు వచ్చిందని నేను గమనించలేదు. కుర్చీలన్నీ పెద్దలకు వేశారు కాబట్టి ఆమె నిలబడి ఉంది. ఆమె పక్క గదిలోకి వెళ్ళగానే వెనకే అత్తగారు, అమ్మగారు, స్టాప్‌వాచీతో భర్తగారు వెళ్ళారు. ఇంజనీరుగారు మర్యాదస్తులు, తలుపు దగ్గరే ఆగి, “ఎడమా, కుడా?” అని మాత్రం అడిగారు.

ఇప్పుడు పరీక్ష సంగతి. తల్లిపాలు ఒకే మోతాదులో డబ్బాలో పోసి ఉంచిన సరుకు కాదు. ఒకే విడత తాగేటప్పుడు మొదట్లో పలచగా వచ్చి చివరికి కొవ్వు పెరుగుతుంది. రాత్రి పాలలో నిద్రకు తోడ్పడే మెలటోనిన్ ఉంటుంది, పగటి పాలలో అది దాదాపు కనిపించదు. మొదటి రోజుల ముర్రుపాలలో రోగనిరోధక ప్రొటీన్లు దండిగా ఉంటాయి, వారాలు గడిచేకొద్దీ కూర్పు మారిపోతుంది. నూటయాభైకి పైగా రకాల ఒలిగోశాకరైడ్లనే చక్కెరలు ఉంటాయి, వాటిని బిడ్డ అరిగించుకోనే లేదు. అవి బిడ్డ పేగుల్లోని మేలుచేసే సూక్ష్మజీవులకు ఆహారం. ఇన్ని మార్పుల మధ్య ఉదయం పదకొండింటికి రెండు చెంచాల నమూనా పట్టుకుపోయి పిల్లవాడి మేధస్సును చెప్పగలిగితే, ఆ సంస్థ పాల వ్యాపారం మానేసి గండిపేటలో ఒక చుక్క రుచి చూసి వచ్చే ఏడాది వానలను చెప్పవచ్చు.

నిపుణుడి తెర మీద బెలారస్ కూడా మెరిసింది. 1996, 97లలో అక్కడ 31 ప్రసూతి కేంద్రాలలో 17 వేల మంది తల్లీబిడ్డలతో ఒక పెద్ద అధ్యయనం మొదలుపెట్టారు. సగం కేంద్రాలలో పాలివ్వడానికి తల్లులకు ప్రత్యేకంగా సాయం చేశారు. ఆరున్నరేళ్ళ వయసులో ఆ పిల్లలకు మాటలకు సంబంధించిన ఐక్యూ ఏడున్నర పాయింట్లు ఎక్కువగా తేలింది. తెర మీద ఆ ఏడున్నర ఎర్రగా, పెద్దగా ఉంది. అదే పిల్లలను పదహారో ఏట మళ్ళీ పరీక్షిస్తే ఆ తేడా దాదాపు కరిగిపోయి, మాటల విభాగంలో ఒకటిన్నర పాయింటు కూడా మిగల్లేదు. ఆ పేజీ బహుశా ప్రింటరులో ఇరుక్కుని ఉంటుంది. బ్రెజిల్‌లోని పెలోటాస్‌లో ముప్పై ఏళ్ళు వెంటబడి చూస్తే, ఏడాదికి పైగా తల్లిపాలు తాగినవారికి, నెలలోపే మానినవారి కంటే దాదాపు నాలుగు పాయింట్లు ఎక్కువ వచ్చాయి. 2006లో స్కాట్లండ్ పరిశోధకులు అమెరికా లెక్కలు తిరగేసి, తల్లి తెలివితేటలను లెక్కలో కలపగానే పాల వల్ల అనుకున్న తేడాలో ఎక్కువ భాగం మాయమైందని చూపించారు. తల్లిపాలు మంచివి. అంటురోగాలనుంచి, విరేచనాలనుంచి కాపాడతాయి, ఆ ఒక్క కారణం చాలు. తెలివికీ ఎంతోకొంత మేలు చేయవచ్చు. కానీ బెలారస్‌లో తల్లుల పాలకు ఎవరూ మార్కులు వేయలేదు. పక్కన కూర్చుని, బిడ్డను రొమ్ముకు ఎలా పట్టుకోవాలో చూపించారు. సాయం చేశారండీ. పాలు కొలవలేదు.

ఆ సాయం గురించి క్లబ్‌హౌస్‌లో ఒక్క ముక్క లేదు. బిడ్డ పుట్టిన గంటలోపు తల్లి రొమ్ముకు చేర్చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ గొంతు చించుకుంటోంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు సిజేరియన్లు, ప్రైవేటు ఆసుపత్రుల్లో నూటికి 81. మొదటి గంటలో తల్లిపాలు అందిన పిల్లలు నూటికి నలభై మంది కూడా లేరు. కోత పెట్టించుకుని మత్తు వదలని ఆడమనిషి పక్కన బిడ్డను పట్టుకుని కూర్చునే మనిషి లేక, తేనె నాకించి, డబ్బా పాలు పోసి, మూడో రోజున “నీకు పాలు పడలేదు” అని ఆమె మీదే నేరం మోపుతారు. పాలు పడకపోవడం కాదు, మీరు పట్టించుకోకపోవడం! ముర్రుపాలు గడిచిపోయాక ఇప్పుడు ఐక్యూ రిపోర్టు పట్టుకొస్తారా?

1992లో చేసి 2003లో పదునుపెట్టిన చట్టం ఒకటి ఉంది. రెండేళ్ళలోపు పిల్లల పాలడబ్బాలకు, పాలసీసాలకు ప్రకటనలు ఇవ్వకూడదు. డబ్బా మీద పసిపిల్లల బొమ్మ కూడా వేయకూడదు. తల్లి బుర్రలో భయం బొమ్మ వేయకూడదని ఆ చట్టంలో రాయలేదు కాబట్టి, వ్యాపారం లిఫ్టు ఎక్కింది.

ఆ గోడ పక్కన నిలబడ్డ అమ్మాయి మాదాపూర్‌లో ఉద్యోగస్తురాలట. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది. యాభై మంది పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూడవచ్చు అన్నారు. సెలవు ముగిశాక ఆమె ఎక్కడ కూర్చుని పాలు పిండుకోవాలో నిపుణుడు చెప్పలేదు. నేను చెబుతాను. మరుగుదొడ్డిలో. మేధస్సు ఉన్న పాలను, కమోడు మూత మీద కూర్చుని, బయట ఎవరో తలుపు కొడుతుంటే.

క్లబ్‌హౌస్ అద్దాల్లోంచి కొత్తగా లేస్తున్న తొమ్మిదో టవరు కనిపిస్తుంది. కింద రెండు గుంజల మధ్య చీరతో కట్టిన ఉయ్యాల, దానికి పాతిక అడుగుల దూరంలో తట్ట మోస్తున్న తల్లి. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థే చెబుతుంది. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి పథకం కింద ఒక పూట భోజనం, ఒక గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఉంటాయి, పని మానుకుని వెళ్ళగలిగితే. యాభై మందికి మించి ఆడకూలీలు ఉన్న నిర్మాణస్థలంలో పిల్లలకు గది ఉండాలని 2025 దాకా అమల్లో ఉన్న 1996 చట్టం అంది. ఆ సైటు హాజరుపట్టీలో ఆడవాళ్ళు ఎంతమందో నేను చూడలేదు, కానీ యాభై ఒకటని మాత్రం ఎవరూ రాసి ఉండరు.

సదస్సు చివర ప్రశ్నలు అడగమన్నారు. ఈ క్లబ్‌హౌస్ వారమంతా ఖాళీగానే ఉంటుంది కదా, పగటిపూట ఆ తల్లులు వచ్చి కాసేపు కూర్చుని పాలిచ్చుకోవచ్చా అని అడిగాను. నిపుణుడు సంఘం కార్యదర్శిగారి వైపు చూశారు. కార్యదర్శిగారు మంచివారు, విసుక్కోలేదు. సైటు కూలీలకు క్లబ్‌హౌస్‌లో ప్రవేశం లేదని, నిబంధనల పుస్తకం తెరిచి చూపించి, లిఫ్టు కూడా వేరేదని గుర్తుచేశారు.