ఊదారంగు కళ్ళ మంత్రగత్తె ప్రజావాణికి వస్తే

ఓరుగల్లు కోట మీద మంచు కురిసిందట. మాఘమాసపు తెల్లవారుజామున భద్రకాళి చెరువు మీద పలచగా పరుచుకునే పొగమంచు సంగతి కాదు నేను చెబుతున్నది. చీలమండలు కూరుకుపోయేంత హిమపాతం. ఈ మధ్య మన కుర్రకారు నిద్ర మానుకుని చదువుతున్న ఒక చీకటి మాంత్రిక నవల మొదటి అధ్యాయం ఇలా మొదలవుతుంది. నవల పేరు చెప్పను. చెబితే ఇంకో వంద ప్రతులు అమ్ముడవుతాయి, ఆ పాపం నాకెందుకు?

రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం ఖిలా వరంగల్‌లో చెప్పుల్లేకుండా పది అడుగులు వేసిన మనిషి కలంలోంచి ఆ వాక్యం రాదు. 44 డిగ్రీల ఎండలో కీర్తితోరణాల మీద చెయ్యి వేస్తే బొబ్బలెక్కుతుంది. కల్పనకు స్వేచ్ఛ ఉండాలి కదండీ అంటారు అభిమానులు. ఉండాలి, ఎవరు కాదన్నారు? ఆ స్వేచ్ఛతో రచయిత చేసిన పని ఏమిటంటే, తుమ్మచెట్లు నరికించి ఓక్ చెట్లు నాటించారు. కోతులను వెళ్ళగొట్టి తెల్ల తోడేళ్ళను దింపారు. కాకతీయుల కోటకు రాతిగోడ ఒకటి, దాని బయట మట్టిగోడ ఒకటి, కందకాలు ఉన్నాయని బడిపిల్లలకు కూడా తెలుసు. నవలలో మట్టిగోడ మాయం. మట్టిలో మాంత్రికత ఉండదు కాబోలు.

ఇక కథానాయిక. ఆమె పేరు మధ్యలో రెండు చుక్కలు, ఒక గీత ఉన్నాయి, ఎలా పలకాలో పుస్తకంలో ఎక్కడా చెప్పలేదు. కనుక అమ్మాయి అనే అంటాను. అమ్మాయికి నిషిద్ధ మంత్రశక్తి ఉంది. ఆ శక్తి ఒంట్లోకి వచ్చినప్పుడల్లా ఆమె కళ్ళు ఊదారంగుకు తిరుగుతాయి. కోపం వస్తే ఊదా, ప్రేమ పుడితే ఊదా, అన్నం ఆలస్యమైనా ఊదా. ఒంటి మీద నేలను ఊడ్చే నల్ల మఖమల్ అంగీ. నల్లటి కప్పుకునే బట్టే కావాలంటే గొర్రెబొచ్చుతో నేసిన గొంగడి మన కురుమల భుజాల మీద తరతరాలుగా ఉంది. వానకూ చలికీ ఆగుతుంది, రాత్రి పరుచుకుంటే పడక. కానీ గొంగడి కప్పుకున్న అమ్మాయిని ముఖచిత్రం మీద వేస్తే ఎవరు కొంటారు? ఆమె ఆకాశంలో తిరగడానికి ఒక డ్రాగన్‌ను కూడా తెప్పించారు. కొత్తవాడలో తివాచీలు నేసే ఊరికి బయటి నుంచి వాహనం తెచ్చుకోవడం ఎంత అవమానమో ఆ మగ్గాలవాళ్ళను అడగండి.

ఇదంతా వేషభాషల గొడవ, పోనిద్దాం. నా అసలు బాధ ఆ నిషేధంతో. పన్నెండు మంది గడ్డాల పెద్దలున్న మహామాంత్రిక మండలి ఒకటి అమ్మాయి శక్తిని నిషేధించింది. ఎందుకు నిషేధించింది? నాలుగు వందల పేజీలు తిరగేసినా జవాబు లేదు. నిషేధించి ఏం చేసింది? అమ్మాయిని చంపి రమ్మని ఆరడుగుల సైనికుడిని పంపింది. అతడు రెండో అధ్యాయంలో కత్తి దూశాడు, మూడో అధ్యాయంలో కత్తి పక్కన పెట్టాడు, నాలుగో అధ్యాయంలో ఏం జరిగిందో ఇక్కడ రాయడం మర్యాద కాదు. అంటే ఆ నిషేధం అమ్మాయికి ఒక నగ. తరుగు లేని నగ. దాని వల్ల ఆమెకు పూట తిండి తగ్గలేదు, పక్కింటివాళ్ళు నీళ్ళు ఇవ్వడం మానలేదు, ఒక్క వేలి గోరు విరగలేదు.

అదే కోటలో 13వ శతాబ్దంలో ఒక ఆడమనిషి సింహాసనం ఎక్కింది. ఆడది ఏలడమేమిటని సొంత సామంతులే తిరగబడ్డారు. శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజు అన్న మగ పేరుతో కనిపిస్తుంది. 1289 నాటి చందుపట్ల శాసనం ఆమె మరణాన్ని చెబుతుంది. నిషిద్ధ శక్తి ఉన్న నాయిక కోసం రచయిత మంచులో అంతగా వెతకనక్కరలేదు, తోరణం దగ్గర ఉన్న బోర్డు చదివితే సరిపోయేది. సరే, ఆవిడ కళ్ళు ఊదారంగులో ఉండేవని శాసనం చెప్పలేదు, అదీ లోపమే.

రాత్రంతా ఆ పుస్తకం చదివాక నాకు ఒకే కోరిక మిగిలింది. ఆ అమ్మాయిని ఒక సోమవారం, కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణికి తీసుకురావాలి. నిషేధం అంటే ఏమిటో ఆ పన్నెండు గడ్డాల కంటే మన కార్యాలయాలకు బాగా తెలుసు.

ఉదయం పదిన్నరకు హనుమకొండ కలెక్టరేట్ ముందు డ్రాగన్ దిగుతుంది. హోంగార్డు వచ్చి, ఇక్కడ వాహనాలు నిలపకూడదమ్మా, వెనక గేటు దగ్గర పెట్టుకోండి అంటాడు. అమ్మాయి అంగీ ఈడ్చుకుంటూ వరుసలో నిలబడుతుంది. ముందు టోకెన్, తరువాత దరఖాస్తు. దరఖాస్తు రాసిపెట్టే ఆయన చెట్టుకింద బల్ల వేసుకుని ఉంటాడు. 'విషయం: నా మంత్రశక్తిపై గల నిషేధమును ఎత్తివేయుట గురించి' అని చక్కని అక్షరాలతో రాసి ముప్పై రూపాయలు తీసుకుంటాడు. మంత్రశక్తికి ముప్పై, పింఛనుకు ఇరవై.

"నిషేధం ఎక్కడ జరిగిందమ్మా?" అని అడుగుతాడు గుమస్తా.

"ఓరుగల్లు కోటలో."

"కోట వరంగల్ జిల్లా కిందికి వస్తుంది. ఇది హనుమకొండ జిల్లా. అక్కడికి వెళ్ళండి."

అమ్మాయి అక్కడికి వెళ్తుంది. అక్కడి గుమస్తా కళ్ళజోడు సవరించుకుని, ఉత్తర్వు ఏ సంవత్సరానిదని అడుగుతాడు. 2016కు ముందుదైతే ఉమ్మడి వరంగల్ జిల్లా. ఆ తరువాతిదైతే వరంగల్ అర్బన్. 2021 తరువాత అర్బన్ పోయి హనుమకొండ అయింది, మండలాలు అటూ ఇటూ మారాయి, దస్త్రాలు ఏ మూటలో ఏ గదికి చేరాయో ఆ భద్రకాళమ్మకే తెలియాలి. ఉత్తర్వు వెయ్యేళ్ళ క్రితందని అమ్మాయి చెబుతుంది. అయితే పురావస్తు శాఖకు రాసుకోవాలమ్మా, మా పరిధిలోకి రాదు అంటాడు ఆయన, ఎంతో దయగా.

ఆధార్ ఉందా? ఉంది. వేలిముద్ర పడదు, మంత్రాగ్నికి వేళ్ళు కాలి గీతలు అరిగిపోయాయి. (ఉపాధి పనికి వెళ్ళే ఆడవాళ్ళకూ పడదు. వాళ్ళ వేళ్ళు ఏ అగ్నికి అరిగాయో నవల రాసేవాళ్ళెవరూ అడగలేదు.) సరే, కంటిపాప చూపించండి అంటారు. యంత్రం కంటికి ఆనించగానే అమ్మాయికి కోపం వస్తుంది, కళ్ళు ఊదారంగుకు తిరుగుతాయి, వివరాలు సరిపోలలేదని యంత్రం అంటుంది. కోపం తగ్గించుకుని మళ్ళీ రండమ్మా. మళ్ళీ వస్తుంది. ఈసారి సర్వర్ పనిచేయదు. సర్వర్ పనిచేసే వేళకు భోజన విరామం.

ఆమె వెనక నిలబడ్డ పెద్దాయన ఇదంతా ఓపికగా చూస్తూ ఉంటాడు. ఆయనది గీసుకొండ అవతల రెండెకరాలు. 2020లో భూముల రికార్డులకు ధరణి పోర్టల్ వచ్చినప్పుడు ఆ రెండెకరాలు నిషేధిత జాబితాలోకి వెళ్ళాయి. 2025లో ధరణి పోయి భూభారతి వచ్చింది. జాబితా కొత్త ఇంట్లోకి పాత సామానులాగే భద్రంగా చేరింది, ఆయన రెండెకరాలతో సహా. అమ్మడానికి లేదు, బిడ్డ పెళ్ళికి కుదువ పెట్టడానికి లేదు.

"బిడ్డా, నీకు మంత్రాలు వస్తాయంటున్నారు. నా సర్వే నంబరు ఆ జాబితాలోంచి తీసెయ్యగలవా?"

అమ్మాయి రెండు చేతులూ పైకెత్తుతుంది. కళ్ళు ఊదారంగులో భగ్గుమంటాయి. కిటికీలు దడదడలాడతాయి, ఫ్యాన్లు ఆగిపోతాయి, బయట డ్రాగన్ రెక్కలు విప్పి అరుస్తుంది. మూడో అధ్యాయంలో ఒక పర్వతాన్ని రెండుగా చీల్చిన శక్తి అది. గుమస్తా కంప్యూటర్‌లో చూసి, ఇంకా నిషేధితమనే చూపిస్తోంది తాతా, వచ్చే సోమవారం రండి అంటాడు.

అమ్మాయి వరండాలో కూలబడి వెక్కి వెక్కి ఏడుస్తుంది. పెద్దాయనే తన సంచిలోంచి నీళ్ళ సీసా తీసి ఇస్తాడు. మొదటిసారి కదా బిడ్డా, అలవాటవుతుంది అంటాడు.

ఈ దృశ్యాన్ని ఇంకా సాగదీయగలను. డ్రాగన్‌కు కాలుష్య ధ్రువపత్రం ఉందా లేదా అన్న చర్చే ఒక అధ్యాయం అవుతుంది. కానీ ఆ వరుసలో ఇంకా వెనక, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డ ఒక ముసలమ్మ ఉంది. ఆమెను దాటి ముందుకు పోవడం నా వల్ల కావడం లేదు.

మంత్రాలకు చింతకాయలు రాలవని మనకో సామెత. నిజమే, రాలవు. మంత్రాలు చేస్తోందని ఊరు అనుకుంటే మాత్రం పళ్ళు రాలతాయి. నోట్లో పళ్ళు. పట్టుకారుతో పీకుతారు. పళ్ళు లేకపోతే మంత్రం సరిగ్గా పలకలేరని, పలకలేకపోతే అది పారదని ఒక లెక్క. ఈ లెక్క వేసిన బుర్రలు మహామాంత్రిక మండలిలో లేవు, మన ఊళ్ళలో ఉన్నాయి. ఎవరింట్లోనో పిల్లవాడికి జ్వరం తగ్గలేదు, ఎవరి గేదో పాలు ఎగ్గొట్టింది, ఎవరి బోరో ఎండిపోయింది. వెంటనే ఊరి చివర ఒంటరిగా ఉన్న విధవ గుర్తుకొస్తుంది. ఆమె పేరు మీద అరెకరం ఉంటే ఇంకా తొందరగా గుర్తుకొస్తుంది. వేరు, ఆకు నూరి కాన్పులకు మందిచ్చే మంత్రసాని అయితే సాక్ష్యం కూడా అక్కరలేదు. చెట్టుకు కట్టేస్తారు, కొడతారు, నోట్లో అశుద్ధం పోస్తారు. మగవాళ్ళనూ వదలరు. 2022 జనవరిలో జగిత్యాలలో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఒక తండ్రిని, ఆయన ఇద్దరు కొడుకులను చంపేశారు. అర్ధరాత్రి అడవిలో కాదు, పట్టణంలో, పట్టపగలు, కులస్థులందరూ కూర్చున్న చోట.

వాళ్ళ దగ్గర ఏ శక్తీ లేదు. అదే కదా మొత్తం సంగతి! పర్వతాలు చీల్చే అమ్మాయి మీద ఈగ వాలదు. దీపం వత్తి కూడా సరిగ్గా ఎగదోయలేని ముసలమ్మ నోట్లో పట్టుకారు పెడతారు. నిజంగా మంత్రశక్తి ఉందని నమ్మే మనిషి అంత ధైర్యంగా ఆమె ఇంట్లోకి చొరబడతాడా? కాళ్ళ మీద పడడా? ఆమెకు ఏమీ రాదని, ఎవరూ లేరని బాగా తెలిసే వెళ్తాడు. భయం పేరు పెట్టుకుని వచ్చే ఆ ధైర్యాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. పెద్దమనుషులు తీర్పు చెబుతారు. చదువుకున్న కుర్రాళ్ళు ఫోన్లలో తీస్తారు. అదే కుర్రాడు ఆ రాత్రి అదే ఫోనులో ఊదారంగు కళ్ళ అమ్మాయి కోసం కన్నీళ్ళు పెట్టుకుంటాడు, అయ్యో లోకం ఆమెను అర్థం చేసుకోలేదే అని.

మనకు ఆడవాళ్ళ మహిమల మీద కోపమేమీ లేదు, ముహూర్తం కుదరాలి అంతే. పులుల మధ్య కోయదొరలకు దొరికిన పిల్ల, చెయ్యి వేస్తే జబ్బులు నయమయ్యేవని చెప్పుకునే మనిషి, కరువులో కప్పం కట్టలేమని ప్రతాపరుద్రుడి సైన్యానికి ఎదురునిలిచి చిలకలగుట్ట మీద కుంకుమ భరిణెగా మిగిలిన సమ్మక్క కోసం రెండేళ్ళకోసారి మేడారంలో నేల ఈనినట్టు జనం చేరతారు, నిలువెత్తు బంగారం, అంటే బెల్లం, తూగుతారు. అక్కడ జుట్టు విరబోసుకుని ఊగే శివసత్తి కాళ్ళ మీద పసుపునీళ్ళు పోసి, అమ్మా మా ఇంటి సంగతి చెప్పు అంటారు. జాతర అయిపోయిన వారానికి ఆమె తన వాకిట్లో నిలబడి తనలో తాను ఏదో గొణుక్కుంటే, అదిగో చూశారా, మంత్రం అంటారు.

చట్టాల సంగతి చూడండి. మంత్రగత్తె ముద్ర వేయడం నేరమని బీహార్ 1999లోనే చట్టం చేసింది. మహారాష్ట్ర 2013లో చేసింది, కర్ణాటక 2017లో చేసింది. మన దగ్గర ప్రత్యేక చట్టం కావాలన్న డిమాండు ఏళ్ళ తరబడి డిమాండుగానే ఆరోగ్యంగా ఉంది. పోలీసు కళాబృందం ఊరికి వచ్చి చేతబడి లేదని, బాణామతి బూటకమని డప్పు కొట్టి పాడుతుంది. జనం చప్పట్లు కొడతారు. ఇంటికి పోయేటప్పుడు మూడుదారుల కూడలిలో పడి ఉన్న నిమ్మకాయను దాటకుండా చుట్టు తిరిగి పోతారు. మీరూ తిరిగే పోతారు, నాకు తెలుసు.

నవల రెండో భాగం వస్తోందట. అందులో అమ్మాయిని కట్టెల మీద నిలబెట్టి నిప్పంటిస్తారట, ఆమె మంటల్లోంచి రెక్కలతో పైకి లేస్తుందట. 2024లో మెదక్ జిల్లాలో మంత్రాలు చేస్తోందన్న నెపంతో ఒక మహిళకు నిప్పంటించారు. ఆమె లేవలేదు. రెండో భాగానికి ముందుగా డబ్బు కట్టినవాళ్ళకు మంట బొమ్మ వేసిన పేజీ గుర్తు ఉచితమని ప్రకటన వచ్చింది, మొదటి విడత అప్పుడే అయిపోయిందని కింద ఇంకో ప్రకటన.