ఊహకు నవల, వాదానికి పరీక్ష: నార్లీకర్ నుంచి నెల్లూరు నేర్చుకోగలిగింది

శాస్త్రవేత్త నవల రాస్తే దానిని తీరిక వేళల వ్యాపకంగా జమకట్టడం మనకు అలవాటు. 2025 మే 20న పుణెలో కన్నుమూసిన జయంత్ విష్ణు నార్లీకర్ విషయంలోనూ అదే జరుగుతోంది. ఆయన విశ్వ సిద్ధాంతాలు ఒక పద్దులోకి, మరాఠీ నవలలు, కథలు మరో పద్దులోకి వెళ్లిపోతున్నాయి. ఊహగా చెప్పవలసినదేదో, రుజువుతో చెప్పవలసినదేదో ఎరిగి, రెండింటినీ వదలకుండా సాధన చేయడమే ఆయన ప్రత్యేకత అని నా అభిప్రాయం. శ్రీహరికోట పొరుగున బతుకుతున్న నెల్లూరు వాళ్లం ఆ సంగతిని కొంచెం శ్రద్ధగా చూడాలి.

1938లో కొల్హాపూర్‌లో పుట్టిన నార్లీకర్, తండ్రి గణితాచార్యుడిగా పనిచేసిన కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, కేంబ్రిడ్జిలో ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయిల్‌కు శిష్యుడయ్యారు. 1964లో గురుశిష్యులు కలిసి కొత్త గురుత్వాకర్షణ సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. మరుసటి ఏడాదే, ఇరవై ఆరేళ్ల వయసులో, ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. 1972లో ముంబైలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు తిరిగి వచ్చారు, 1988లో పుణెలో ఖగోళ పరిశోధన కేంద్రం ‘ఆయుకా’కు వ్యవస్థాపక సంచాలకులయ్యారు. పదవుల పట్టికను ఇంతకంటే సాగదీయనక్కరలేదు. విశ్వానికి ఆరంభమంటూ లేదన్న హోయిల్ పక్షం 1965లో విశ్వ నేపథ్య వికిరణం, అంటే విశ్వం తొలినాళ్ల వేడికి మిగిలిన ఆనవాలుగా అంతటా వ్యాపించి ఉన్న వికిరణం, బయటపడ్డాక బలహీనపడింది. అయినా నార్లీకర్ ఆ వాదాన్ని సవరించుకుంటూ, విశ్వానికి ఆరంభం ఉందనే మహావిస్ఫోట (బిగ్ బ్యాంగ్) సిద్ధాంతాన్ని ప్రశ్నిస్తూ, అల్పసంఖ్యాకుల వైపే చివరిదాకా నిలబడ్డారు.

హోయిల్ కూడా నవలాకారుడే. నక్షత్రాల గర్భంలో మూలకాలు ఎలా తయారవుతాయో వివరించిన ప్రసిద్ధ పత్రాన్ని మరో ముగ్గురితో కలిసి ఆయన వెలువరించింది 1957లో. సూర్యుడి వైపు వచ్చే ఒక వాయుమేఘానికి ప్రాణమూ బుద్ధీ ఉన్నాయన్న కల్పనతో ‘ది బ్లాక్ క్లౌడ్’ నవల ప్రచురించిందీ ఆ ఏడాదే. తరువాతి కాలంలో శ్రీలంకలో పుట్టిన శాస్త్రవేత్త చంద్ర విక్రమసింఘేతో కలిసి, జీవం తోకచుక్కల మీదుగా భూమికి చేరిందని ఆయన గట్టిగా వాదించారు. ఇంచుమించు నవలలోని ఊహే శాస్త్ర వేదిక ఎక్కిందని చాలామంది శాస్త్రజ్ఞులు దానిని తోసిపుచ్చారు.

శిష్యుడు ఆ వాదాన్ని నెత్తిన పెట్టుకోలేదు, కొట్టిపారేయనూ లేదు, పరీక్షకు పెట్టారు. 2005 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని టాటా సంస్థ బెలూన్ కేంద్రం నుంచి పంపిన భారీ బెలూను 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తు మధ్య గాలి నమూనాలను పట్టి తెచ్చింది. ఆ గాలిని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలోనూ, పుణె ప్రయోగశాలలోనూ విడివిడిగా పరిశీలిస్తే 12 బ్యాక్టీరియా, 6 శిలీంధ్ర సమూహాలు దొరికాయి. బ్యాక్టీరియాలో మూడు కొత్త జాతులని తేల్చి, ఒకదానికి హోయిల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, మరొకదానికి ఆర్యభట్ట పేరు పెట్టారు. గురువు పేరు సూక్ష్మజీవికి పెట్టినంత మాత్రాన గురువు వాదం నెగ్గిందని మాత్రం ఎవరూ ప్రకటించలేదు. ఇవి భూమికి ఆవలి నుంచి వచ్చాయని ఖాయంగా చెప్పలేమనీ, పరిశోధన కొనసాగించడానికి ఈ ఫలితాలు ఉత్సాహమిస్తున్నాయనీ 2009లో వెలువడిన ఇస్రో ప్రకటన చెప్పింది. ఎక్కువ చెప్పాలన్న ఆశ ఎంత ఉన్నా అంతటితో ఆగడం, ఊహకు నవలలో వేరే చోటు ఉంచుకున్నవాడికి బహుశా సులువు.

ఆయన కల్పన మొదలైన తీరు ఇంకా ముఖ్యం. 1974లో మరాఠీ విజ్ఞాన పరిషత్తు నిర్వహించిన కథల పోటీకి నార్లీకర్ తన పొడి అక్షరాలను తిరగేసి, నారాయణ్ వినాయక్ జగ్తాప్ అన్న మారుపేరుతో కృష్ణబిలం (బ్లాక్ హోల్) మీద ఒక కథ పంపారు. పేరున్న శాస్త్రవేత్త అని తెలియకుండానే దానికి మొదటి బహుమతి వచ్చింది. ఆ తరువాత నవలలు వచ్చాయి, ఆత్మకథకు సాహిత్య అకాదెమీ పురస్కారం వచ్చింది. నిజం చెప్పుకోవాలంటే ఆయన పాత్రలు కొన్నిచోట్ల మనుషుల్లా కాక ఉపాధ్యాయుల్లా మాట్లాడతాయి. అయితే తోకచుక్క భయానికి యజ్ఞం తలపెట్టే ఇంటినీ, లెక్క కట్టే శాస్త్రాన్నీ ఒకే కథలో ఎదురెదురుగా నిలపడం ఆ ఇంటి భాషలో రాసినవాడికే సాధ్యం.

మన దగ్గర ముడిసరుకుకు కొదవ లేదు. 1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుంచి తొలి రాకెట్టు లేచింది. 1979 ఆగస్టు 10న ఉపగ్రహ వాహక రాకెట్టు ఎస్‌ఎల్‌వీ-3 బంగాళాఖాతంలో పడి, మరుసటి ఏడాది జూలై 18న విజయం సాధించింది. సూళ్లూరుపేట 2022లో తిరుపతి జిల్లాలో చేరినా ఆ దీవి కథ నెల్లూరు కథే, అక్కడి యానాదుల కథ కూడా. ఇక ఎద్దులు కీళ్లు బిగిసి నడవలేకపోవడాన్ని రైతులు ముందుగా గమనించగా, నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు శాస్త్ర పత్రాల్లోకి ఎక్కింది 1937లో, నెల్లూరు జిల్లా నుంచే. అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉన్న కనిగిరి ప్రాంతంలో నేటికీ తీరని ఆ నీటి గోడులో ఒక పెద్ద నవల ఉంది. మహీధర నళినీమోహన్, కొడవటిగంటి రోహిణీప్రసాద్ వంటి శాస్త్రవేత్తలు తెలుగులో చక్కని విజ్ఞాన వ్యాసాలు రాశారు. నవల వైపు వచ్చినవారు మాత్రం అరుదు.

శాస్త్రవేత్తలు కథలు రాయడానికి ఉద్యోగ నిబంధనలు ఒప్పుకోవన్న మాట తరచు వినిపిస్తుంది. రహస్య సమాచారం బయటపెట్టకూడదన్నది సరే. అప్పుడప్పుడు చేసే సాహిత్య రచనకు కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి ముందస్తు అనుమతి అడగదు. కాబట్టి లోపం నిబంధనల్లో కంటే అడిగేవాళ్లు లేకపోవడంలో ఉంది. నార్లీకర్‌ను ఒక సంస్థ పెట్టిన పోటీ కథకుడిగా నిలబెట్టింది. నెల్లూరు పురమందిరంలో జరిగే సాహిత్య సభల్లో ఒక పూటను, రచయిత పేరు న్యాయనిర్ణేతలకు తెలియని విజ్ఞాన కథల పోటీకి కేటాయించవచ్చు. శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం ‘షార్’లో పనిచేసి పదవీ విరమణ చేసినవారి నుంచి, వరి పరిశోధన కేంద్రం నుంచి, కళాశాలల నుంచి తొలి ఏడాది పది కథలే వచ్చినా నేను తక్కువ అనను.