సభలో కూర్చున్న లాయరుకు ఫీజు ఎవరిచ్చారు?

ఎంపీలు, ఎమ్మెల్యేలు పదవిలో ఉంటూనే కోర్టుల్లో వాదించవచ్చని 2018 సెప్టెంబరు 25న సుప్రీంకోర్టు తేల్చింది. బార్ కౌన్సిల్ 49వ నిబంధన ప్రకారం పూర్తికాలం జీతానికి పనిచేసే ఉద్యోగి ప్రాక్టీసు చేయకూడదు. ప్రజాప్రతినిధి జీతం తీసుకున్నా ప్రభుత్వానికి ఉద్యోగి కాదు కాబట్టి అది వర్తించదని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. ఉన్న నిబంధనను బట్టి చూస్తే ఆ తీర్పును తప్పుపట్టలేం. నా బాధ వేరు. ఉద్యోగా కాదా అన్నది తేలింది కానీ, ఫీజు ఎవరిస్తున్నారు అన్నది అక్కడే మిగిలిపోయింది.

కోర్టులో వాదన అందరి ముందే జరుగుతుంది. ఏ ఎంపీ ఏ కంపెనీ తరఫున నిలబడ్డారో ఆర్డరు కాపీలోనే కనిపిస్తుంది. విలేకరులు రాస్తారు, ఎదుటి పార్టీ నిలదీస్తుంది. నన్ను ఎక్కువ కలవరపెట్టేది చాంబర్లో జరిగే పని. ఒక కంపెనీ లీగల్ ఒపీనియన్ తీసుకుంటుంది, లేదా ఏడాది పొడవునా సలహాలకు డబ్బు కడుతుంది. ఆ కాగితం కోర్టు గడప తొక్కదు. రేపు అదే కంపెనీ వ్యాపారానికి సంబంధించిన బిల్లు, బిల్లులను పరిశీలించే సభ్యుల కమిటీ అయిన స్థాయీ సంఘానికి వస్తుంది. అక్కడ సభ్యుడిగా ఉన్న ఆ లాయరు ఒక క్లాజులో రెండు మాటలు మార్చమంటే, అది ఆయన అభిప్రాయమా, క్లయింటు అవసరమా? ఆయన మనస్ఫూర్తిగానే చెప్పి ఉండొచ్చు. కానీ ఆ సంగతి మనకు తెలిసే దారి లేదు, నిరూపించుకునే దారి ఆయనకూ లేదు.

న్యూయార్క్ రాష్ట్ర అసెంబ్లీ స్పీకర్ షెల్డన్ సిల్వర్ కేసు చూడండి. రియల్ ఎస్టేట్ సంస్థలు తమ ఆస్తిపన్ను పనిని ఒక లా ఫర్మ్‌కు ఇచ్చేవి, ఆ ఫీజులో వాటా ఆయనకు చేరేది. ఆ సంస్థల లాభనష్టాలు తేల్చే అద్దె చట్టాలేమో ఆయన సభలోనే తయారయ్యేవి. బయటికి అంతా లాయరు ఆదాయంలాగే కనిపించింది. 2020లో ఆయనకు ఆరున్నరేళ్ల జైలు శిక్ష పడింది.

మన రాజ్యసభలో 294వ నిబంధన ఉంది. చర్చకు వచ్చిన అంశంలో తనకు ఆర్థిక ప్రయోజనం ఉంటే సభ్యుడు ముందు ఆ సంగతి చెప్పి, తర్వాతే మాట్లాడాలి. మంచి నిబంధనే. అయితే నిరుడు తీసుకున్న ఫీజు ఈరోజు 'ప్రయోజనం' అవుతుందా అన్నది ఆ సభ్యుడి మనస్సాక్షికే వదిలేస్తున్నాం.

క్లయింటు గోప్యత మాటేమిటని లాయర్లు అడుగుతారు. గోప్యత కావాల్సిందే. కానీ దాని ప్రాణం క్లయింటు చెప్పుకున్న మాటల్లో, లాయరు ఇచ్చిన సలహాలో ఉంది. పేరు కూడా బయటపెట్టలేనంత రహస్యమైతే, ఆ బిల్లు చర్చ నుంచి, ఓటు నుంచి ఆ సభ్యుడే తప్పుకోవాలి.

ప్రాక్టీసు పూర్తిగా నిషేధించాలని నేను అనను. టంగుటూరి ప్రకాశం 1921లో బాగా సాగుతున్న బారిస్టరు ప్రాక్టీసును వదిలేసి ఉద్యమంలోకి వచ్చారు. అంత త్యాగం అందరినీ అడగలేం. నేను అడిగేది ఇంతే: గత మూడేళ్లలో డబ్బిచ్చిన క్లయింట్ల పేర్లు సభ రిజిస్టర్లో రాయాలి, వాళ్ల వ్యవహారం సభకు వచ్చినప్పుడు పక్కకు జరగాలి. దీనికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. తమ నిబంధనలు తామే రాసుకునే అధికారం పార్లమెంటుకు 118వ అధికరణ, రాష్ట్రాల శాసనసభలకు 208వ అధికరణ ఎప్పుడో ఇచ్చాయి.