వెనిగర్‌కు ఎర్ర తుప్పూ నల్ల పూతా ఒకటే

వానాకాలం వచ్చిందంటే రైఫిల్ షూటర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక వీడియో మళ్లీ తిరగడం మొదలవుతుంది. అందులో చెప్పేది క్లుప్తంగా ఇదీ: తుప్పు పట్టిన భాగాలు విప్పి రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టండి. పొద్దున్నే గిన్నెలు తోమే స్టీల్ పీచుతో రుద్దండి. వంటసోడా నీళ్లలో ముంచితే పులుపు విరిగిపోతుంది. కొబ్బరి నూనె రాసి బిగించేయండి. "వెనిగర్ తుప్పునే తింటుంది, నల్ల పూత జోలికి పోదు, ఏ రైఫిల్‌కైనా పనికొస్తుంది" అని చివర్లో భరోసా. ఇత్తడి బిందెను చింతపండుతో తోమినంత తేలిక కదా అని జనం పదిమందికీ పంపుతున్నారు. బిందె మీద కాపాడుకోవాల్సిన పూతేమీ ఉండదు, రైఫిల్ మీద ఉంటుంది. గొడవంతా అక్కడే.

ముందు ఆ పెద్ద మాట సంగతి చూద్దాం, "వెనిగర్ తుప్పునే తింటుంది" అన్నది. నిజానికి ఆ నల్ల పూత కూడా ఒక రకం తుప్పే. దాన్ని తెప్పించే పనిని బ్లూయింగ్ అంటారు, అంటే రంగు వెయ్యడం కాదు. కాస్టిక్ సోడా, నైట్రేట్ లవణాలు కలిపి దాదాపు 140 డిగ్రీల దగ్గర మరుగుతున్న ద్రావణంలో ఉక్కును ఉంచితే, దాని పైపొరే మాగ్నటైట్ అనే నల్లటి ఐరన్ ఆక్సైడ్‌గా మారుతుంది. ఆ పొర మందం ఒకటి రెండు మైక్రాన్లు. వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది కాబట్టి ఇదెంత పల్చనో ఊహించుకోండి. ఎర్రగా పట్టేది కూడా ఐరన్ ఆక్సైడే, కాకపోతే నీటిని కలుపుకున్న మరో రూపం. వెనిగర్‌లో ఉండేది నాలుగైదు శాతం ఎసిటిక్ ఆమ్లం. దానికి ఎరుపూ నలుపూ తెలియవు, రెండింటినీ కరిగిస్తుంది. పాత తుపాకీకి కొత్తగా బ్లూయింగ్ చేయాలనుకునే మరమ్మతుదారులు పాత పూతను ఊడగొట్టడానికి వాడేవాటిలో ఒకటి ఈ వెనిగరే. పూత తీసే మందును పూతకు హాని చేయని మందుగా అమ్మడానికి చాలా ధైర్యం కావాలి.

వీడియో చివర్లో బోల్ట్‌ను, అంటే తూటాను గొట్టంలోకి నెట్టి మూసే ఉక్కు భాగాన్ని, దీపం కింద తిప్పి చూపిస్తారు. బూడిద రంగులో తళతళలాడుతూ ఉంటుంది. కింద "కొత్తదానిలా అయింది" అని మెచ్చుకోళ్లు. కొత్తగా ఉన్నప్పుడు అది నల్లగా ఉండేది కదా! ఆ మెరుపు బట్టలు విప్పేసిన ఉక్కుది. అమెరికాలో పాత రైఫిళ్లు సేకరించే మనవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అక్కడ పాతకాలపు తుపాకీ వెల కట్టేటప్పుడు అసలు పూత ఎంత శాతం మిగిలిందన్నది చూస్తారు.

ఎర్ర తుప్పును కరిగించకుండానే వదిలించుకునే దారి ఒకటుంది. రెండూ ఐరన్ ఆక్సైడ్లే కాబట్టి ఒకదాన్ని మరొకటిగా మార్చవచ్చు. పైన చెప్పిన మరిగే ద్రావణం పద్ధతి, అంటే హాట్ బ్లూయింగ్, రాకముందు తుపాకీ పనివాళ్లు ఉక్కుకు కావాలనే తుప్పు పట్టించి, నీళ్లలో మరిగించేవారు. ఎర్ర తుప్పు కాస్తా నల్లబడేది. పైన వదులుగా నిలిచిన పొడిని మెత్తటి తీగ బ్రష్‌తో దులిపి, మళ్లీ తుప్పు పట్టించి, మళ్లీ మరిగించేవారు. అలా పొర మీద పొర. ఇవాళ చిన్న ఉక్కు భాగం ఎర్రబడితే అదే పని ఒక్కసారి చేసుకోవచ్చు. చెక్క, ప్లాస్టిక్, రబ్బరు ఏవీ లేకుండా విప్పి, జిడ్డు పోయేలా కడిగి, డిస్టిల్డ్ వాటర్‌లో ఓ అరగంట మరిగించి, వేడి మీదే తుడిచి నూనె పెట్టాలి. తుప్పు తిన్న గుంట పూడదు. కానీ ఆ చోటు నల్లబడుతుంది, చుట్టూ ఉన్న పూత చెక్కుచెదరదు.

అంత హంగామా అక్కర్లేని చిన్న మచ్చలకు నూనె చాలు. (రైఫిల్ ఖాళీగా ఉందో లేదో చూసుకోకుండా ఏ పనీ మొదలుపెట్టకండి, ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.) ముందు మసి తుడిచెయ్యండి. మచ్చ మీద తుపాకీ నూనె చుక్క వేసి కొన్ని గంటలు వదిలేయండి. తర్వాత కంచు పీచుతోనో, అంచు నున్నగా చేసిన రాగి ముక్కతోనో చిన్నగా రుద్దండి. రాగి ఉక్కుకంటే మెత్తన, గీత పెట్టదు. గుడ్డకు ఇటుకపొడి రంగు మడ్డి అంటుతున్నంతసేపు వచ్చేది తుప్పు. ఆ రంగు తగ్గి నల్లగా రావడం మొదలైతే పూత లేస్తోందని అర్థం, అక్కడితో ఆపేయాలి. చివరి ఎర్ర చుక్క కూడా పోవాలన్న పంతమే పూతల్ని చాలావరకు పాడుచేసేది.

ఇక స్టీల్ పీచు. గిన్నెల పీచు ముతకది, రైఫిల్‌కు దాన్ని తాకించకూడదు. నాలుగు సున్నాల నంబరుతో దొరికే అతి సన్నని ఇనుప పీచు వేరు. బాగా నూనె తడిపి, బరువు వేయకుండా రుద్దితే హాట్ బ్లూయింగ్ తట్టుకుంటుంది. సీసాలో దొరికే, వేడి చేయకుండానే రాసే కోల్డ్ బ్లూయింగ్‌తో సరిచేసిన చోట మాత్రం అదీ వద్దు, రెండు రుద్దులకే పోతుంది. ఉప్పుకాగితం ఊసే ఎత్తకండి.

వంటసోడా మాటలో సగం నిజముంది. ఆమ్లం విరుగుతుంది, కాదనను. కరిగిపోయిన పూత మాత్రం సోడా వల్ల తిరిగి రాదు. పైగా ఆమ్లం నుంచి అప్పుడే బయటికొచ్చిన ఉక్కు మహా సున్నితం. విశాఖ, కాకినాడ గాలిలో తడిగా వదిలేస్తే పొద్దున తీసిన భాగం మీద సాయంత్రానికి పసుపు చాయ కమ్ముకుంటుంది. స్ప్రింగుల సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. గట్టిపరిచిన ఉక్కు ఆమ్లంలో నానితే హైడ్రోజన్ లోపలికి చొరబడి పెళుసుబారే ప్రమాదముంది. ప్లేటింగ్ చేసేవాళ్లు ఆమ్లంలో శుభ్రం చేసి పూత వేసిన గట్టి ఉక్కు భాగాల్ని పొయ్యిలో గంటల తరబడి వేడి చేసేది అందుకే. ఇంట్లో ఎవరు చేస్తారు? పేలిన తూటా గొట్టాన్ని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ స్ప్రింగును ఏ పులుపులోనూ వేయకండి.

"ఏ రైఫిల్‌కైనా" అన్నది అన్నిటికంటే బాధ్యత లేని మాట. సైనిక రైఫిళ్ల మీద కనిపించే మసక బూడిద రంగు పూత పార్కరైజింగ్, అంటే మాంగనీస్ లేదా జింక్ ఫాస్ఫేట్. దానికున్న సన్నని రంధ్రాలు నూనెను పట్టి ఉంచుతాయి, తుప్పును ఆపేది ఆ నూనే. ఆమ్లం ఫాస్ఫేట్‌నూ కరిగిస్తుంది. ఏఆర్-15 రైఫిల్ రిసీవర్ (లోపలి భాగాలను పట్టి ఉంచే పెట్టె) అల్యూమినియం, మీద హార్డ్ అనోడైజింగ్, అంటే గట్టి అల్యూమినియం ఆక్సైడ్ పొర. అల్యూమినియం ఆక్సైడ్‌కు అటు ఆమ్లమూ పడదు, ఇటు క్షారమూ పడదు. అందుకే వెనిగర్ మానేసి కాస్టిక్ ఉన్న ఇంజన్ డీగ్రీజర్ పట్టుకున్నా నష్టమే. హైదరాబాద్ రేంజుల్లో కనిపించే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కైతే 200 బార్ ఒత్తిడి గాలి నింపే సిలిండర్, రబ్బరు సీళ్లు ఉంటాయి. వాటికి తయారీదారు చెప్పిన పొడి గుడ్డ, చెప్పిన గ్రీజు తప్ప ప్రయోగాలు వద్దు.

కొబ్బరి నూనె 24 డిగ్రీల కింద పేరుకుంటుంది, డిసెంబరులో సీసా చూసినవాళ్లెవరికైనా తెలుసు. తూటా వెనక కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ దారిలో అది గడ్డకడితే దెబ్బ నెమ్మదిస్తుంది. నిల్వ ఉండి కనరు వాసన వచ్చిన నూనెలో కొవ్వు ఆమ్లాలు కూడా పెరుగుతాయి. తుపాకీ నూనె ఖరీదనుకుంటే కుట్టు మిషన్ నూనె నయం.

ఇప్పటికే నానబెట్టినవాళ్లు ఆ భాగాలను మంచినీళ్లతో బాగా కడిగి, వెంటనే వేడి గాలికి ఆరబెట్టి, నూనెలో తడిపి ఉంచండి. వెనిగర్‌లో పడిన స్ప్రింగులు మార్చేయడమే మంచిది. కోల్డ్ బ్లూయింగ్ గోరంత మచ్చలకు సరిపోతుంది గానీ మొత్తం బోల్ట్‌కు నిలవదు. మళ్లీ బ్లూయింగ్ చేయించాలంటే మన దేశంలో 1959 ఆయుధాల చట్టం కింద మరమ్మతు లైసెన్సున్న వారి దగ్గరికే రైఫిల్‌ను తీసుకెళ్లాలి. ఇచ్చేముందు ఆ లైసెన్సు చూపించమని అడగండి.