‘ఇష్టపడే వచ్చారా?’ అని అడిగితే చాలదు

రెండేళ్ల కిందట చెన్నైకి ఉత్తరాన ఒక రెవెన్యూ ఆఫీసులో వెట్టిచాకిరీపై విచారణ జరుగుతుంటే, తెలుగు మాటలు తమిళంలో చెప్పడానికి నన్ను పిలిచారు. వచ్చినవాళ్లు సరుగుడు తోటలు కొట్టే ఇద్దరు యానాదులు, నెల్లూరు జిల్లా వాళ్లు. తలా 20 వేలు అడ్వాన్సు తీసుకుని పెళ్లాంబిడ్డలతో వచ్చారు. ఎనిమిది నెలలైనా ఆ అప్పు తీరలేదు. వారం ఖర్చులు, బియ్యం, జ్వరమొస్తే వేయించిన ఇంజెక్షను, అన్నీ మేస్త్రీ నోటుబుక్కులో వాళ్ల పేర్ల కింద ఎక్కాయి. ఆ పుస్తకం నేను తిరగేసి చూశాను. ఎన్ని టన్నులు కొట్టారో, అందుకు ఎంత జమ అయిందో రాసిన పేజీ ఒక్కటీ లేదు.

అధికారి మర్యాదగానే అడిగారు, “మీ ఇష్టంతోనే వచ్చారా?” అని. పెద్దాయన “ఆ సార్, మేమే వచ్చినాం” అన్నాడు. ఉన్నదున్నట్టు తమిళంలో చెప్పాను. ఆ ఒక్క మాటతో ఫైలు మూసేసేలా ఉన్నారని అప్పుడు అర్థమైంది.

ఆ మాట ఒక్కటే చాలదని చట్టం ఏనాడో చెప్పింది. మనిషి మీద యాజమాన్యపు అధికారాలు చెలాయించడమే బానిసత్వమని నానాజాతి సమితి కుదిర్చిన 1926 బానిసత్వ ఒప్పందం నిర్వచించింది. 1930లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 29వ ఒప్పందం ఇంకాస్త ముందుకెళ్లింది. ఏదో ఒక శిక్ష పడుతుందని బెదిరించి, మనిషి తనంతట తాను ముందుకు రాకుండా చేయించుకునే పనంతా నిర్బంధ శ్రమేనంది. భారత్ దీన్ని 1954లో ఆమోదించింది. శిక్ష అంటే కొరడా దెబ్బలే కానక్కర్లేదు. కూలి ఆపేయడం, ఆధార్ కార్డు లాక్కుని పెట్టుకోవడం కూడా అందులోకే వస్తాయి. మొదటిరోజు ఇష్టపడి వచ్చినా, వద్దనుకున్న రోజు వెళ్లిపోగలగాలి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం ఆ 1926 ఒప్పందానికి కొనసాగింపుగా ఐక్యరాజ్యసమితి తెచ్చిన 1956 అనుబంధ ఒప్పందం. అప్పు కింద చేసిన పనికి సరైన విలువ కట్టి ఆ అప్పులో జమ వేయకపోయినా, ఏం పని, ఎంతకాలం అన్న హద్దు లేకపోయినా అది అప్పు బానిసత్వమేనని అందులో ఉంది. మేస్త్రీ పుస్తకంలో లేని పేజీ గురించి జెనీవాలో అప్పుడే రాసిపెట్టారు!

ఐక్యరాజ్యసమితి 1966 పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక ప్రకారం దేశంలో అత్యవసర పరిస్థితి ఉన్నా సరే, బానిసత్వంపై నిషేధాన్ని ఎత్తేయడానికి వీల్లేదు. మన దగ్గర ఎన్నో హక్కులు ఆగిపోయిన ఎమర్జెన్సీలోనే, 1975 అక్టోబరులో, వెట్టిని రద్దు చేస్తూ ఆర్డినెన్సు వచ్చింది. మరుసటి ఏడాది అది చట్టమైంది.

ఆ 1976 చట్టం నిర్వచించిన మొదటి పదమే ‘అడ్వాన్సు’. ఆ వెంటనే, ఏయే పద్ధతుల్లో అప్పు ఒప్పందం ఉన్నట్టే భావించాలో ఒక జాబితా ఉంది. అందులో జీత, పాలేరు, వెట్టి అన్న మాటలు కనబడతాయి. మన తాతలు ఊళ్లో రోజూ విన్న మాటలు ఇంగ్లిషు చట్టంలో అలా కనబడితే గుండె కలుక్కుమంది. ఇది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సింది కూడా అప్పిచ్చినవాడే, కూలివాడు కాదు.

అడ్వాన్సు లేకపోతే పేదవాడికి అప్పు ఎవరిస్తారని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. చట్టం అప్పు ఇవ్వొద్దనడం లేదు, దానికి మనిషిని కట్టెయ్యొద్దంటోంది. 1982లో ఆసియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడలు) నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు, ఆకలి వల్ల కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయడం కూడా నిర్బంధ శ్రమేనని తేల్చింది. “వాడే ఒప్పుకున్నాడు కదా” అనేవాళ్లకు అంతకంటే సూటి జవాబు లేదు.

లోటంతా చట్టాన్ని అమలు చేయడంలోనే ఉంది. నేరానికి మూడేళ్ల వరకు జైలు, 2 వేల రూపాయల వరకు జరిమానా. ఆ పెద్దాయన తీసుకున్న అడ్వాన్సులో పదో వంతు! 2016 పునరావాస పథకం పురుషులకు లక్ష, మహిళలకు, పిల్లలకు 2 లక్షలు ఇస్తామంది గానీ, తక్షణ సాయం పోను మిగతాదాన్ని యజమానికి శిక్ష పడటంతో ముడిపెట్టింది. కేసు ఏళ్ల తరబడి నడిస్తే అంతవరకు ఆ కుటుంబం ఏం తినాలి? మళ్లీ అడ్వాన్సే దిక్కు. ఈ ముడి తీసెయ్యాలి.

విచారణ మధ్యలో టీ కోసం బయటికొచ్చాం. చెట్టు కింద పెద్దాయన్ని నేను ఇంకోలా అడిగాను, “ఇప్పుడు పోతామంటే ఏమవుతుంది?” అని. ఆయన నావైపు వింతగా చూశాడు.

“ఎట్టా పోతాం సార్? మా చిన్నోడు ఆడే ఉండాడు గదా. మేమిద్దరం తిరిగొచ్చేదాకా వాణ్ణి ఎక్కడికీ పోనీరు.”

లోపలికెళ్లి ఆ మాటే తమిళంలో చెప్పాను. అధికారి పెన్ను మూత మళ్లీ తీశారు.