సవరణ: పోసిన మట్టి మీద పునాది వద్దు

పల్లపు స్థలాన్ని మట్టి పోసి మెరక చేసి, ఒక వానాకాలం ఆగితే దాని మీదే పునాది వేసుకోవచ్చని మొన్న రాశాను. అది తప్పు. మడమతో నొక్కితే గట్టిగానే తగులుతుంది, నేనూ అలాగే మోసపోయాను. లోపల మాత్రం గుల్లే, పైగా ఒక మూల 2 అడుగులు, ఇంకో మూల 6 అడుగులు పోసి ఉంటారు కాబట్టి లోతున్న వైపు ఎక్కువ కుంగి, కిటికీ మూల నుంచి ఇటుకల సందుల్లో మెట్లు మెట్లుగా పగులు దిగుతుంది.

పునాది అడుగు భాగం, అంటే ఫుటింగ్, పోసిన మట్టిని దాటి అసలు గట్టి నేల మీదే కూర్చోవాలి. గట్టి నేల మరీ లోతులో ఉంటే పైల్స్ (గట్టి నేల దాకా లోతుగా దించే స్తంభాలు) సంగతి ఇంజనీర్‌ని అడగండి. పోసిన మట్టి గచ్చు కింద నింపడానికే, అదీ 6 నుంచి 8 అంగుళాల పొరలుగా, తడిపి దిమ్మిస కొడుతూ. నల్లరేగడి అసలే వద్దు, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది.

వాలు స్థలంలో మట్టి జారకుండా అడ్డుగోడ కట్టాలని అప్పుడే రాసింది మాత్రం సరైనదే, కాకపోతే నీళ్లు పోయే దారి చెప్పడం మర్చిపోయాను: గోడ వెనక కంకర, గోడలో గొట్టాలు లేకపోతే వెనక నిలిచిన నీళ్లే దాన్ని తోసేస్తాయి.